మన పేరుతో దొంగ మెయిళ్ళు: డొమైన్ రికార్డులపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటిది ఒకటే బాధ. మన డొమైన్ పేరు పెట్టుకుని ఎవరో మెయిళ్ళు పంపుతున్నారు. లేదా దాన్ని ఆపబోతే మన మెయిళ్ళే ఆగిపోయాయి. అందుకే అన్నీ ఒకచోట చేర్చాం. ఒక మనవి: రికార్డుల్ని ఇక్కడ తెలుగు అక్షరాల్లో అచ్చువేస్తున్నాం. డొమైన్ ప్యానెల్‌లో (రికార్డులు పెట్టే పేజీలో) కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. రికార్డు మొదట్లో వచ్చే "డీమార్క్1" మాత్రం క్యాపిటల్స్‌లోనే ఉండాలి. "మీడొమైన్.ఇన్" అన్నచోట మీ డొమైన్ పేరు వేసుకోండి.

ప్రశ్న: మాది ఎండుమిర్చి ఎగుమతి. మా మెయిల్ ఐడీతోనే దుబాయ్‌లోని కొనుగోలుదారుకు "మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి" అని మెయిల్ వెళ్ళింది. ఆయన ఫోన్ చేసి అడిగాడు కాబట్టి బతికిపోయాం. పాస్‌వర్డ్ మార్చాం. మళ్ళీ వెళ్ళింది. మా సెంట్ ఫోల్డర్లో ఆ మెయిలే లేదు. ఇదెలా సాధ్యమండీ?
— గుంటూరు పాఠకుడు

జవాబు: పాస్‌వర్డ్ తెలియకపోయినా సాధ్యమే. మెయిల్ పంపే పద్ధతి, ఎస్‌ఎంటీపీ, 1982 నాటిది. పంపేవాడు తన పేరు ఏమని చెబితే అదే పేరు. కవరు వెనక ఎవరి అడ్రసు రాసినా పోస్టాఫీసువాళ్ళు ఆధారం అడగరు కదా, ఇదీ అంతే.

కానీ ముందు జరిగింది అదేనా అన్నది తేల్చుకోండి. సెంట్‌లో లేదన్నది సాక్ష్యం కాదు. ఖాతాలోకి దూరిన దొంగ పంపిన మెయిల్‌ని చెరిపేసి, వచ్చే జవాబులు మీ కంట పడకుండా ఫిల్టర్ పెట్టి పోతాడు. సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ రెండూ ఒకసారి చూడండి. తర్వాత ఆ కొనుగోలుదారుని అసలు మెయిల్ హెడర్ (మెయిల్ ఎక్కణ్ణుంచి ఎలా వచ్చిందో చెప్పే వరసలు) పంపమనండి. ఫార్వర్డ్ చేస్తే హెడర్ పోతుంది. జీమెయిల్‌లో అయితే మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్"లోకి వెళ్ళి, మొత్తం కాపీ చేసి పంపాలి.

అందులో ఫ్రమ్ అడ్రసుని అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే ఉంటుంది. అలాంటి పోలిక డొమైన్ కొని పంపి ఉంటే కింద చెప్పే రికార్డులేవీ దాన్ని ఆపలేవు. ఫ్రమ్ మీదే అయ్యుండి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీలకీ (అవేమిటో కింద చెబుతున్నాం) పాస్ అని ఉంటే దొంగ మీ ఖాతాలోనే ఉన్నాడు. ఫ్రమ్ మీదే అయ్యుండి డీమార్క్ దగ్గర ఫెయిల్ అని ఉంటే, అది మీరు అనుమానిస్తున్న దొంగ మెయిలే. అప్పుడు పని డీఎన్‌ఎస్‌లో, అంటే మీ డొమైన్ రికార్డులు ఉండే చోట.

ఒక మెయిల్‌కి రెండు ఫ్రమ్‌లు ఉంటాయి. కంటికి కనబడేది ఒకటి. సర్వర్లు తమలో తాము చెప్పుకునే కవరు అడ్రసు ఇంకొకటి, హెడర్లో అది రిటర్న్-పాత్‌గా కనిపిస్తుంది. ఎస్‌పీఎఫ్ చూసేది ఈ రెండోదాన్నే: ఆ డొమైన్ తరఫున ఫలానా ఐపీ (సర్వర్ అంకెల చిరునామా) నుంచి పంపడానికి అనుమతి ఉందా అని. అందువల్ల దొంగ కవరు మీద తన డొమైన్ రాసి, లోపల కనబడే ఫ్రమ్‌లో మీ పేరు పెడితే ఎస్‌పీఎఫ్ పాసే అవుతుంది. "ఎస్‌పీఎఫ్ పెట్టాం, ఇక భయం లేదు" అనుకునేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. డీకిమ్ అంటే మెయిల్ మీద పడే డిజిటల్ సంతకం. అది ఏ డొమైన్ సంతకమో డీ= అన్నచోట ఉంటుంది. ఈ రెండింటిలో కనీసం ఒకటి పాసై, ఆ పాసైన డొమైన్, కంటికి కనబడే ఫ్రమ్ డొమైన్ ఒకటే అయితేనే డీమార్క్ ఒప్పుకుంటుంది. ఈ జత కుదరడాన్నే అలైన్‌మెంట్ అంటారు. కింద మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఇదే.

వరస ఇది. మొదట మీ తరఫున మెయిల్ పంపే ప్రతిదాన్నీ కాగితం మీద రాసుకోండి: మెయిల్ సర్వీసు, వెబ్‌సైట్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, బల్క్ మెయిల్ కంపెనీ, రంగురంగుల కాగితాలు స్కాన్ చేసి మెయిల్ కొట్టే జిరాక్స్ మిషన్ కూడా. తర్వాత ఎస్‌పీఎఫ్. టెక్స్ట్ రికార్డు, హోస్ట్ పేరు @. గూగుల్ వర్క్‌స్పేస్ అయితే:

వి=ఎస్‌పీఎఫ్1 ఇన్‌క్లూడ్:_ఎస్‌పీఎఫ్.గూగుల్.కామ్ ~ఆల్

మైక్రోసాఫ్ట్ 365 అయితే ఇన్‌క్లూడ్ తర్వాత ఎస్‌పీఎఫ్.ప్రొటెక్షన్.ఔట్‌లుక్.కామ్. జోహో వాళ్ళు తమ అడ్మిన్ ప్యానెల్లో చూపించేదాన్నే కాపీ చేసుకోవాలి. తర్వాత డీకిమ్, దాని తిప్పలు వేరే ప్రశ్నలో ఉన్నాయి. చివరగా డీమార్క్: టెక్స్ట్ రికార్డు, హోస్ట్ పేరు _డీమార్క్, ముందున్న అండర్‌స్కోర్ మరవకూడదు.

వి=డీమార్క్1; పి=నన్; ఆర్‌యూఏ=మెయిల్‌టు:రిపోర్ట్స్@మీడొమైన్.ఇన్

పి=నన్ దేన్నీ ఆపదు, చూసి మీకు చెబుతుందంతే. దొంగ మెయిల్ ఆగేది పి=క్వారంటైన్ అయితే స్పామ్‌లోకి వెళ్ళి, పి=రిజెక్ట్ అయితే గుమ్మం దగ్గరే. ఆర్‌యూఏ అంటే ఆ రిపోర్టులు రావాల్సిన అడ్రసు. అందులో మీ జీమెయిల్ అడ్రసు ఇవ్వకండి. రిపోర్టు వేరే డొమైన్‌కి వెళ్ళాలంటే ఆ డొమైన్ డీఎన్‌ఎస్‌లో "సరే, మాకు పంపండి" అని రికార్డు ఉండాలి. మీకోసం జీమెయిల్.కామ్ అది పెట్టదు. రిపోర్టులు రావడం లేదని రాసేవాళ్ళకు మేం ముందు అడిగేది ఇదే.

ఈసారి ఎవరైనా నిజంగానే డబ్బు వేసేస్తే, అదే గంటలో అటువైపు బ్యాంకు చేత రీకాల్ (డబ్బు వెనక్కి తెప్పించే వినతి) పెట్టించండి. ఇక్కడ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మెయిల్ గూగుల్‌కి మార్చినప్పుడు వాళ్ళిచ్చిన ఎస్‌పీఎఫ్ పెట్టాం. హోస్టింగ్‌వాళ్ళది పాతది అలాగే ఉంది. రెండూ ఉంటే రెండిటికీ అనుమతి ఉన్నట్టే కదా? కానీ టెస్ట్ చేస్తే "పర్మ్‌ఎర్రర్" అంటోంది.
— హైదరాబాద్, ఆడిట్ ఆఫీసు

జవాబు: రెండు ఉంటే ఒక్కటీ లేనట్టే. ఒక పేరు కింద ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు కనబడితే ఏది నమ్మాలో తెలియక అవతలి సర్వర్ లెక్కే ఆపేస్తుంది. రెంటినీ ఒకటిగా కలపండి:

వి=ఎస్‌పీఎఫ్1 ఐపీ4:203.0.113.40 ఇన్‌క్లూడ్:_ఎస్‌పీఎఫ్.గూగుల్.కామ్ ~ఆల్

ఇక్కడ 203.0.113.40 బదులు మీ హోస్టింగ్ సర్వర్ ఐపీ. పాతదాంట్లో ఉన్న +ఎ, +ఎమ్‌ఎక్స్ తీసేశాం, కారణం ఉంది. మీ ఎమ్‌ఎక్స్ ఇప్పుడు గూగుల్‌ది. అది మెయిల్ తీసుకునే గుమ్మం, అక్కడి నుంచి బయటికి మెయిల్ వెళ్ళదు. ఉత్తపుణ్యానికి ఒక లుకప్ (అవతలి సర్వర్ డీఎన్‌ఎస్‌ని అడిగే ఒక్కో ప్రశ్న) ఖర్చు. ఎస్‌పీఎఫ్‌కి మొత్తం 10 డీఎన్‌ఎస్ లుకప్‌లే హద్దు. ఇన్‌క్లూడ్, ఎ, ఎమ్‌ఎక్స్, పీటీఆర్, ఎగ్జిస్ట్స్, రీడైరెక్ట్ ఒక్కోటీ ఒకటి కింద లెక్క. ఇన్‌క్లూడ్ లోపల మళ్ళీ ఇన్‌క్లూడ్ ఉంటే అదీ మీ ఖాతాలోకే. ఐపీ4, ఐపీ6కి లెక్క లేదు. 11వది పడిందా, మళ్ళీ పర్మ్‌ఎర్రరే. ఏడాది క్రితం వదిలేసిన సర్వీసుల ఇన్‌క్లూడ్‌లు తీసేస్తే చాలామందికి ఈ గొడవ తీరిపోతుంది.

షేర్డ్ హోస్టింగ్ ఐపీ గురించి ఒక హెచ్చరిక. అదే ఐపీ మీద వందలాది సైట్లు ఉండొచ్చు. మీరు ఆ ఐపీకి అనుమతి ఇస్తే, అందులో ఒకడి సైట్ హ్యాక్ అయినా మీ పేరుతో వెళ్ళే మెయిల్ పాస్ కావచ్చు. వెబ్‌సైట్ మెయిళ్ళను కూడా గూగుల్ ద్వారానే పంపి, ఆ ఐపీని తీసేయడం మేలు. ఎలాగో కింద కరీంనగర్ జవాబులో ఉంది.

~ఆల్ పెట్టాలా, మైనస్ ఆల్ పెట్టాలా అని కూడా అడిగారు. రికార్డులో లేని ఐపీల్ని ~ఆల్ అనుమానించమంటుంది, మైనస్ ఆల్ ఒప్పుకోవద్దంటుంది. డీమార్క్ ఉన్నచోట ~ఆల్ చాలు. మైనస్ ఆల్ చూసి కొన్ని సర్వర్లు డీకిమ్ సంతకం చూడకుండానే మెయిల్‌ని తిప్పికొడతాయి. +ఆల్ మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి, ప్రపంచంలో అందరికీ మీ పేరు వాడుకోమని రాసిచ్చినట్టు.

ప్రశ్న: డీకిమ్ 2048 బిట్ల కీ పేస్ట్ చేస్తే మా డొమైన్ ప్యానెల్ "మరీ పొడుగు" అంటోంది. ఇంకో డొమైన్‌లో తీసుకుంది కానీ రెండు రోజులైనా గూగుల్‌కి కనబడటం లేదు.
— విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: టెక్స్ట్ రికార్డులో ఒక ముక్క 255 అక్షరాలకు మించకూడదు. 2048 బిట్ల కీ ఒక్కటే 392 అక్షరాలు, 1024 బిట్లది 216. అందుకే చిన్నది పట్టింది, పెద్దది పట్టలేదు. ఒకే రికార్డులో రెండు ముక్కలుగా, ఒక్కో ముక్కకీ కొటేషన్ గుర్తులు పెట్టి రాయండి. కొటేషన్ల లోపల కొత్తగా ఖాళీ రాకూడదు. రెండు వేరువేరు రికార్డులుగా పెట్టకూడదు. చాలా ప్యానెళ్ళు ఈ కోత తామే చేసుకుంటాయి. మీది అసలు ఒప్పుకోకపోతే 1024తో నడిపించవచ్చు, సంతకం లేకపోవడం కంటే చాలా నయం. కీ కాపీ చేసేటప్పుడు పెద్ద, చిన్న అక్షరాలు తేడా రాకూడదు. వాట్సాప్‌లో పంపించుకుని అక్కడి నుంచి అతికించే అలవాటు మానండి.

రెండో డొమైన్ సంగతి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ -టైప్=టీఎక్స్‌టీ గూగుల్._డొమైన్‌కీ.మీడొమైన్.ఇన్ అని కొట్టండి (గూగుల్._డొమైన్‌కీ అన్నది డీకిమ్ రికార్డు పేరు). ఏమీ రాకపోతే, చివర డొమైన్ పేరు రెండుసార్లు వేసి మళ్ళీ కొట్టండి: మీడొమైన్.ఇన్.మీడొమైన్.ఇన్. దానికి జవాబు వచ్చిందా, తప్పు దొరికినట్టే. హోస్ట్ పెట్టెలో మీరు పూర్తి పేరు రాశారు, ప్యానెల్ తనవంతుగా ఇంకోసారి తగిలించింది. పెట్టెలో గూగుల్._డొమైన్‌కీ వరకే ఉంచండి. దానికీ జవాబు రాకపోతే నేమ్‌సర్వర్లు (మీ రికార్డులు ఏమిటని అడిగితే జవాబిచ్చే సర్వర్లు) చూడండి. డొమైన్ కొన్నది ఒకచోట, నేమ్‌సర్వర్లు ఇంకోచోట ఉంటే, కొన్నచోట ఎన్ని రికార్డులు పెట్టినా గోడకు చెప్పినట్టే. మైక్రోసాఫ్ట్‌వాళ్ళు ఇచ్చేవి సెలెక్టర్1, సెలెక్టర్2 అని రెండు సీనేమ్‌లు (ఇంకో పేరు వైపు చూపే రికార్డులు). క్లౌడ్‌ఫ్లేర్‌లో వాటిని పెట్టేటప్పుడు ఆ నారింజ రంగు మబ్బు ఆర్పేసి "డీఎన్‌ఎస్ ఓన్లీ"లో ఉంచాలి.

రికార్డు కనబడ్డాక గూగుల్ అడ్మిన్‌లో "స్టార్ట్ ఆథెంటికేషన్" నొక్కాలి. ఇది మరిచిపోయి కూర్చున్నవాళ్ళు తక్కువేం కాదు. అది నొక్కకపోయినా హెడర్లో డీకిమ్ పాస్ అనే కనిపిస్తుంది, అదే మోసం. ఆ సంతకం గ్యాప్స్‌ఎస్‌ఎంటీపీ.కామ్ పేరు మీద పడుతుంది, మీ పేరు మీద కాదు. మైక్రోసాఫ్ట్ అయితే ఆన్‌మైక్రోసాఫ్ట్.కామ్ పేరు మీద. డీ= తర్వాత మీ డొమైన్ కనబడేదాకా పని అయినట్టు కాదు.

ప్రశ్న: కాలేజీ డొమైన్‌కి పి=నన్ పెట్టాం. రోజూ జిప్ ఫైళ్ళు వస్తున్నాయి, తెరిస్తే ఎక్స్‌ఎమ్‌ఎల్. ఒకే వరసలో పైన ఎస్‌పీఎఫ్ ఫెయిల్, కింద ఎస్‌పీఎఫ్ పాస్ అని ఉంది. ఏది నిజం? ఎప్పుడు రిజెక్ట్‌కి వెళ్ళాలి?
— రాజమహేంద్రవరం, కాలేజీ కంప్యూటర్ విభాగం

జవాబు: రెండూ నిజమే. మీరు పంపిన వరసనే విడదీసి చూద్దాం (ఐపీ మార్చాం):

సోర్స్ ఐపీ 198.51.100.24, కౌంట్ 212
పాలసీ ఎవాల్యుయేటెడ్: డిస్పోజిషన్ నన్, డీకిమ్ ఫెయిల్, ఎస్‌పీఎఫ్ ఫెయిల్
హెడర్ ఫ్రమ్: మీడొమైన్.ఇన్
ఆథ్ రిజల్ట్స్: ఎస్‌పీఎఫ్ పాస్, డొమైన్ వేరే కంపెనీది

కింద ఉన్నది ఎస్‌పీఎఫ్ సొంత తీర్పు: కవరు మీద ఉన్న డొమైన్‌కి ఈ ఐపీ తగినదే. పైన ఉన్నది డీమార్క్ తీర్పు: తగినదే కావచ్చు, కానీ ఆ డొమైన్ మీది కాదు కదా. కవరు మీద ఉన్న పేరు మీ ఫీజు నోటీసులు పంపే బల్క్ మెయిల్ కంపెనీది. అంటే ఈ 212 మెయిళ్ళు దొంగవి కావు, మీవే. ఇవాళ రిజెక్ట్ పెడితే తల్లిదండ్రులకు ఫీజు నోటీసులు అందవు.

దీనికి మందు ఎస్‌పీఎఫ్‌లో ఇంకో ఇన్‌క్లూడ్ చేర్చడం కాదు. కవరు మీద మీ డొమైన్ లేనప్పుడు మీ ఎస్‌పీఎఫ్‌ని ఎవరూ తెరిచి చూడరు. ఆ కంపెనీ ప్యానెల్లో "డొమైన్ ఆథెంటికేషన్" లాంటి చోటు ఉంటుంది. అక్కడ ఇచ్చే రికార్డులు మీ డీఎన్‌ఎస్‌లో పెడితే మీ పేరు మీద డీకిమ్ సంతకం పడుతుంది. ఆ సౌకర్యం ఇవ్వని కంపెనీని మార్చేయండి. జీమెయిల్‌కి రోజుకు 5,000 మెయిళ్ళు పైన పంపేవాళ్ళకు 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడు రికార్డులూ తప్పనిసరి. యాహూ అప్పుడే, ఔట్‌లుక్.కామ్ 2025 మేలో ఇలాంటి నియమాలే పెట్టాయి.

రిపోర్టు చదివే పద్ధతి: ఐపీల వారీగా కౌంట్ కలిపి, పెద్ద అంకె నుంచి కిందికి రండి. ఒక్కోదానికీ "ఇది మనదేనా" అన్న ప్రశ్న ఒక్కటే. మీవన్నీ పాస్ అవుతున్నాయని తేలేదాకా పి=నన్‌లోనే ఉండండి. రెండు వారాలు చాలంటారు కొందరు. మీకు చాలవు. హాల్ టికెట్లు, ఫీజులు సెమిస్టర్‌కి ఒకసారి వెళ్ళే మెయిళ్ళు, ఆ విడత ఒక్కటైనా రిపోర్టులో కనబడాలి. తర్వాత క్వారంటైన్‌లో కొన్ని వారాలు, ఆపైన రిజెక్ట్. మార్చే ముందు రోజే రికార్డు టీటీఎల్‌ని (మిగతా సర్వర్లు దాన్ని ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెని) 3600 నుంచి 300కి దించండి, తేడా వస్తే ఐదు నిమిషాల్లో వెనక్కి రావచ్చు. అలాగని పి=నన్‌లో ఏళ్ళకేళ్ళు ఉండిపోవడం కూడా తగదు. అది సీసీ కెమెరా పెట్టి తలుపు తీసి పడుకోవడం.

సబ్‌డొమైన్ల గురించి అడిగారు. ఎస్‌పీ= అని విడిగా రాయకపోతే పి=లో ఉన్నదే వాటికీ వర్తిస్తుంది, లేని సబ్‌డొమైన్ పేరు కల్పించి పంపినా సరే. ఎస్‌పీఎఫ్ అలా కిందికి పారదు.

ప్రశ్న: స్కూల్ వెబ్‌సైట్‌లో "మమ్మల్ని సంప్రదించండి" ఫారం నింపితే మెయిల్ రావాలి. డీమార్క్ పెట్టాక కొన్ని వస్తాయి, కొన్ని రావు.
— కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఫారం నింపినవాళ్ళ అడ్రసునే ఫ్రమ్‌లో పెట్టి పంపుతోంది మీ సైట్. అంటే ఇక్కడ దొంగ మెయిల్ పంపుతున్నది మీరే! యాహూ 2014 నుంచి పి=రిజెక్ట్‌లో ఉంది కాబట్టి యాహూ అడ్రసు ఇచ్చిన తల్లిదండ్రుల మెయిళ్ళు ముందు పోతాయి. ఫ్రమ్‌లో మీ డొమైన్ అడ్రసు పెట్టి, నింపినవాళ్ళ అడ్రసుని రిప్లై-టులో పెట్టండి. మీరు రిప్లై కొడితే వాళ్ళకే వెళ్తుంది.

రెండోది, వర్డ్‌ప్రెస్ మామూలుగా వెబ్ సర్వర్ నుంచే మెయిల్ కొట్టేస్తుంది, దానికి సంతకం ఉండకపోవచ్చు. ఎస్‌ఎంటీపీ ప్లగిన్ ఒకటి వేసి, మీ మెయిల్ ఖాతాతో లాగిన్ ఇవ్వండి. పోర్టు 587 అయితే టీఎల్‌ఎస్, 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్. గూగుల్ ఖాతాకి మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి.

ప్రశ్న: న్యూజెర్సీలో మా తెలుగు సంఘం మెయిల్ లిస్టు ఉంది. కొందరు సభ్యులు పంపితే మిగతావాళ్ళకు అందడం లేదు. వాళ్ళ ఆఫీసు డొమైన్లకే ఈ ఇబ్బంది.

జవాబు: లిస్టు సర్వర్ ఐపీ వాళ్ళ ఎస్‌పీఎఫ్‌లో ఉండదు, అది ఎలాగూ పోతుంది. సంతకం మిగలాలి. కానీ మీ లిస్టు సబ్జెక్టు ముందు సంఘం పేరు, అడుగున రెండు లైన్ల నోటు తగిలిస్తోంది. సంతకం చేశాక ఒక్క అక్షరం మారినా డీకిమ్ చెల్లదు. ఆ తగిలింపులు రెండూ ఆపేయండి. వాటిమీద మమకారం ఉంటే, మెయిల్‌మ్యాన్‌లో (లిస్టులు నడిపే సాఫ్ట్‌వేర్) డీమార్క్ మిటిగేషన్ అన్నచోట ఫ్రమ్‌ని లిస్టు అడ్రసుగా మార్చే ఏర్పాటు ఉంది, అది పెట్టండి.

ప్రశ్న: పాత వ్యాపారం డొమైన్ రెన్యూ చేస్తూ ఉంచాం, మెయిల్ వాడటం లేదు. దానికీ ఇవన్నీ కావాలా?
— నెల్లూరు పాఠకుడు

జవాబు: దొంగలకు అలాంటిదే ఇష్టం, అడిగేవాడుండడు. మూడు రికార్డులు, పది నిమిషాల పని. ఎస్‌పీఎఫ్: వి=ఎస్‌పీఎఫ్1 -ఆల్. డీమార్క్: వి=డీమార్క్1; పి=రిజెక్ట్. ఎమ్‌ఎక్స్: ప్రయారిటీ 0, సర్వర్ పేరు దగ్గర ఒక్క చుక్క. ఇక్కడ వేచి చూసే పనిలేదు, నేరుగా రిజెక్టే.

ప్రశ్న: బ్యాంకు మెయిల్ "బ్యాంక్.ఇన్"తో ముగిస్తే నమ్మొచ్చా?
— వరంగల్ పాఠకురాలు

జవాబు: ఆ పేర్లు బ్యాంకులకు తప్ప ఎవరికీ ఇవ్వరు. రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబరు 31లోగా అన్ని బ్యాంకులూ అందులోకి మారాలంది, రిజిస్ట్రేషన్ చూసేది మన హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. కాబట్టి పోలిక పేరు కొని మోసం చేయడం అక్కడ కుదరదు. కానీ ఫోన్‌లో మెయిల్ తెరిస్తే ముందు కనబడేది పేరే, అడ్రసు కాదు. ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కి వివరాలు తెరిచి, "సైన్డ్ బై" అన్నచోట బ్యాంకు డొమైన్ ఉందో లేదో చూడండి. అదీ సరిగ్గా ఉన్నా, మెయిల్లోని లింకు నొక్కి ఓటీపీ ఇవ్వాల్సిన అవసరం మాత్రం ఏ బ్యాంకుతోనూ రాదు.